అడ్వాన్స్ ఇచ్చేశాక కాగితాలు ఎందుకు రావు: ఇల్లు కొనేవాళ్ల ఎదురుచూపు వెనక ఉన్న లెక్క

ఇంటి బేరం కుదిరింది, టోకెన్ ఇచ్చారు, వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంట్ రాసుకున్నారు, ఐదో పదో లక్షలు అడ్వాన్స్ కింద వెళ్లిపోయాయి. ఆ మర్నాటి నుంచి అసలు టెన్షన్ మొదలవుతుంది. లింకు డాక్యుమెంట్లు (ఆ ఇల్లు ఇంతవరకు చేతులు మారిన పాత దస్తావేజులు) వచ్చే వారం ఇస్తామంటారు, ఈసీ (ఆ ఆస్తి మీద ఏమేం రిజిస్టర్ అయ్యాయో చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయిస్తున్నామంటారు, అన్నయ్య ఊళ్లో లేడు రాగానే సంతకం పెడతాడంటారు, ఈలోగా ఆషాఢం వచ్చిందని ఇంకో నెల జరుగుతుంది. కొనేవాళ్లేమో ఇటు అద్దె కడుతూ, అటు ఫిక్స్‌డ్ డిపాజిట్లు విరగ్గొట్టి డబ్బు సేవింగ్స్ ఖాతాలో పెట్టుకుని, ఫోన్ చేస్తే విసుక్కుంటారేమో, చేయకపోతే మర్చిపోతారేమో అని నలిగిపోతుంటారు.

ఈ దశలో తేల్చుకోవాల్సిన విషయం ముఖ్యంగా ఒకటుంది. రావాల్సిన కాగితం ఆలస్యమవుతోందా, లేక ఆ కాగితం అసలు లేనే లేదా? బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, రెండింటికీ అమ్మేవాళ్లు చెప్పే మాట 'వచ్చే వారం' అనే. మొదటిదైతే ఓపిక పట్టొచ్చు. రెండోదైతే ఓపిక పట్టేకొద్దీ నష్టం పెరుగుతుంది. కాబట్టి ఏ కాగితం ఎవరి దగ్గర ఉంటుంది, ఏ ఆఫీసు నుంచి వస్తుంది, ఎందుకు ఆగుతుంది అనేది కొనేవాళ్లకి తెలిసి ఉండాలి, మధ్యవర్తికి తెలిస్తే సరిపోదు.

అసలు చిక్కు వరసలోనే ఉంది. తెలుగు రాష్ట్రాల్లో డబ్బు ముందు వెళ్తుంది, కాగితాలు తర్వాత వస్తాయి. ఇంగ్లండ్‌లో స్థిరపడి అక్కడ ఇల్లు కొన్న మనవాళ్లని అడిగితే అక్కడి వరస వేరని చెబుతారు. అక్కడ ధర ఒప్పుకున్నాక కూడా ఇరువైపులా ఎవరికీ కట్టుబాటు ఉండదు. కొనేవాళ్ల సొలిసిటర్ స్థానిక సంస్థ రికార్డులు వెతికించి, అమ్మేవాళ్ల తరఫు లాయర్‌ని ప్రశ్నలడిగి జవాబులు రాయించుకుని, అంతా సరిగ్గా ఉందనుకున్నాకే కాంట్రాక్టులు మార్చుకుంటారు, సాధారణంగా 10 శాతం డిపాజిట్ కట్టేది అప్పుడే. అక్కడా నెలల తరబడి ఎదురుచూపు తప్పదు, మధ్యలో ఇంకెవరో ఎక్కువిస్తామంటే అమ్మేవాళ్లు మాట తప్పేయొచ్చు, లాయరు ఫీజు సర్వే ఖర్చు నీళ్లపాలవుతాయి. కానీ అడ్వాన్స్ ఇరుక్కుపోవడం ఉండదు. మన దగ్గర తిరగేసిన వరస కాబట్టి ఎదురుచూసే కాలమంతా రిస్క్ కొనేవాళ్ల నెత్తిన ఉంటుంది.

ఆ కాలంలో చేతిలో ఉన్న అగ్రిమెంట్‌కి విలువెంత? ఆస్తి బదిలీ చట్టం 1882లోని 54వ సెక్షన్ సూటిగా చెబుతుంది: అమ్మకపు ఒప్పందం వల్ల ఆస్తి మీద హక్కు రాదు. రిజిస్టర్ అయిన సేల్ డీడ్‌తోనే వస్తుంది. జీపీఏలు (తన తరఫున వ్యవహారం నడిపే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రాలు), అగ్రిమెంట్లు, వీలునామాలతో ఇల్లు చేతులు మారినట్టు కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. అయితే అదే చట్టంలో 55వ సెక్షన్ కొనేవాళ్లకి ఒక రక్షణ ఇచ్చింది, దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు: కొనేవాళ్లే న్యాయమైన కారణం లేకుండా వెనక్కి తగ్గితే తప్ప, ముందుగా ఇచ్చిన డబ్బుకి ఆ ఆస్తి మీదే కొనేవాళ్లకి చార్జ్ ఉంటుంది, అంటే ఆ బాకీకి ఆ ఇల్లే జామీను. హక్కు పత్రాలు చూపించమని అడిగితే చూపించడం, టైటిల్ గురించి అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పడం అమ్మేవాళ్ల బాధ్యత అని కూడా అదే సెక్షన్ అంటుంది. 'ఏంటండీ, మా మీద నమ్మకం లేదా' అని మొహం ముడుచుకునే వాళ్లకి ఈ మాట మర్యాదగానే చెప్పొచ్చు.

ఇక కాగితాల సంగతి. అన్నిటికంటే ముందు వినపడేది ఈసీ. ఇది ఆగడానికి పెద్ద కారణాలు ఉండవు, రెండు రాష్ట్రాల్లోనూ 1983 నుంచి రికార్డు కంప్యూటర్లో దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో వెతకొచ్చు లేదా మీసేవలో అడగొచ్చు. అంతకు ముందు కాలానికైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు తిరగేయించాలి, దానికి టైం పడుతుంది. ఎక్కువమంది చేసే పొరపాటు ఏంటంటే ఈసీని అమ్మేవాళ్లు తెచ్చిస్తారని ఆగడం. ఎవరైనా తీసుకోవచ్చు, కొనేవాళ్లే తీసుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఏ నంబరుతో వెతికామన్నదాన్ని బట్టే ఈసీలో ఏం కనిపిస్తుందన్నది ఉంటుంది. ఒక ఈసీ కాగితాన్ని ముందు పెట్టుకుని చూస్తే ఎడమవైపు ఆస్తి వివరం, గ్రామం, సర్వే నంబరు, ఇంటి నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు ఉంటాయి. ఆ పక్కన రాసిన తేదీ, రిజిస్టర్ అయిన తేదీ. తర్వాత అది సేలా, గిఫ్టా, తనఖానా అన్నది, మార్కెట్ విలువ. ఆ తర్వాత పేర్లు, ఒక్కో పేరు ముందు రాసిచ్చినవాళ్లా రాయించుకున్నవాళ్లా అని గుర్తు. చివర డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం, ఏ ఆఫీసు. చదవాల్సింది పై నుంచి కిందికి కాదు, పాత తేదీ నుంచి కొత్త తేదీకి. ఒక ఎంట్రీలో కొన్న మనిషే తర్వాతి ఎంట్రీలో అమ్మాలి. మధ్యలో కొత్త పేరు ఎక్కడి నుంచో ఊడిపడితే అక్కడొక లింకు తెగిందన్నమాట, అది వారసత్వమో పంపకమో వీలునామానో అయ్యుండాలి, ఆ కాగితమే అడగాలి. తనఖా ఎంట్రీ ఉండి దాన్ని విడిపించిన ఎంట్రీ లేకపోతే అదీ అడగాలి.

ఫ్లాట్ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఫ్లాట్ నంబరుతో మాత్రమే వెతికితే ఆ ఫ్లాట్ పుట్టాక జరిగినవే వస్తాయి, బిల్డర్ ఆ స్థలం మీద అంతకు ముందు చేసిన అప్పు సర్వే నంబరుతో వెతికితేనే కనిపిస్తుంది. పైగా అనుమతి ఇచ్చేటప్పుడు మున్సిపాలిటీ నిర్మాణంలో 10 శాతం ఏరియాని తన పేరున తనఖా పెట్టించుకుంటుంది, బిల్డర్ ప్లాన్ ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకున్నాకే అది విడుదలవుతుంది. ఆ తనఖాలో ఉన్న ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చి కూర్చుంటే బిల్డర్ ఓసీ తెచ్చుకునేదాకా రిజిస్ట్రేషన్ జరగదు. అమ్మకంవాళ్లు ఈ సంగతి వాళ్లంతట వాళ్లు చెబుతారని అనుకోవద్దు.

నిల్ ఈసీ (ఏ లావాదేవీ లేదని వచ్చిన ఈసీ) చూసి గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయేవాళ్లున్నారు. ఈసీలో రిజిస్టర్ అయినవే ఉంటాయి. రిజిస్టర్ చేయని వీలునామా, ఇంట్లో కూర్చుని రాసుకున్న పంపకాల కాగితం, నోటరీ మీద ఇంకొకరికి ఇచ్చిన అగ్రిమెంట్, ఇంటి పన్ను బకాయి, కోర్టులో నడుస్తున్న దావా, ఇవేవీ అందులో రావు. బ్యాంకులో ఒరిజినల్స్ పెట్టి తీసుకున్న అప్పు కూడా, అలా పెట్టినట్టు రాసుకున్న మెమోరాండాన్ని రిజిస్టర్ చేయకపోతే, కనపడదు. అలాంటివాటికి సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఉంది, బ్యాంకులు తమ తనఖాలు అందులో నమోదు చేస్తాయి, చిన్న ఫీజు కట్టి ఎవరైనా వెతకొచ్చు. ఒరిజినల్స్ చూపించడానికి అమ్మేవాళ్లు వాయిదాలు వేస్తున్నప్పుడు చేయాల్సిన మొదటి పని ఇదే.

ఒరిజినల్స్ బ్యాంకులో ఉండటం తప్పేం కాదు, హోమ్ లోన్ నడుస్తున్న ఇల్లు అమ్మేవాళ్లు ఎంతోమంది. అలాంటప్పుడు సరైన పద్ధతి ఒకటుంది: అమ్మేవాళ్ల బ్యాంకు నుంచి ఎంత బాకీ ఉందో, తమ దగ్గర ఏయే పత్రాలు ఉన్నాయో రాసిన లెటర్ తీసుకోవాలి, కొనేవాళ్ల బ్యాంకు ఆ బాకీ మొత్తానికి డీడీ నేరుగా ఆ బ్యాంకు పేరునే ఇవ్వాలి, మిగతాది అమ్మేవాళ్లకి. అడ్వాన్స్ చేతికిస్తే దాంతో లోన్ క్లియర్ చేసి కాగితాలు తెస్తాం అన్న మాటకి ఒప్పుకోకూడదు, ఆ డబ్బు ఇంకో అవసరానికి పోయిందంటే ఇల్లు అలాగే తనఖాలో ఉంటుంది. లోన్ పూర్తిగా తీరాక బ్యాంకు ఒరిజినల్స్ ఇవ్వడానికి నెలలు తిప్పడం ఒకప్పుడు మామూలే. 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు దానికి అడ్డుకట్ట వేసింది: అదే ఏడాది డిసెంబరు 1 నుంచి, అప్పు తీరిన 30 రోజుల్లో ఆస్తి పత్రాలు తిరిగివ్వాలి, చార్జి తొలగించాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు కట్టాలి. కాబట్టి లోన్ ఎప్పుడో తీరింది గానీ బ్యాంకు కాగితాలివ్వడం లేదని ఎవరైనా నెలల తరబడి చెబుతుంటే, లోన్ తీరినట్టు ఇచ్చిన లెటర్ చూపించమనడం న్యాయమే. ఆ లెటర్ కూడా లేదంటే ఆ లోన్ తీరలేదనే అనుకోవాలి.

లింకు డాక్యుమెంట్ పోయిందంటారు కొందరు. నిజంగా పోయే అవకాశం ఉంది, ఇళ్లు మారినప్పుడు, వరదలొచ్చినప్పుడు పోతాయి. పోలీసు కంప్లయింట్, పత్రికలో ప్రకటన, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ, ఈ మూడూ ఉంటే బ్యాంకులు కొన్ని ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. కానీ పోయిందన్న సంగతి అడ్వాన్స్‌కి ముందు చెప్పారా, తర్వాత చెప్పారా అన్నది గమనించాలి. తర్వాత చెబితే ఆ ఒరిజినల్ ఎవరో ఫైనాన్షియర్ దగ్గర కూర్చుని ఉందేమోనన్న అనుమానం రావడంలో తప్పులేదు.

అన్నిటికంటే ఎక్కువ ఆలస్యం, ఎక్కువ మనస్తాపం వచ్చే చోటు వారసుల సంతకాలు. నాన్న పేరున ఉన్న ఇల్లు, నాన్న పోయారు, వీలునామా లేదు, కొడుకులిద్దరూ అమ్ముతున్నారు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నామని చెబుతారు, అది రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, అది ఆలస్యమయ్యే కాగితం. కానీ ఆ సర్టిఫికెట్‌లో అక్కచెల్లెళ్ల పేర్లు కూడా ఉంటాయి, వాళ్ల సంతకం గురించి ఇంట్లో ఇంకా మాటే ఎత్తలేదని కొనేవాళ్లకి అప్పుడు తెలుస్తుంది. 'పెళ్లిలో కట్నం ఇచ్చేశాం, వాళ్లకేం హక్కు లేదు' అన్న మాట ఇప్పటికీ వినపడుతూనే ఉంది, అది చట్టం దగ్గర చెల్లదు. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం తండ్రి స్వార్జితానికి భార్య, కొడుకులు, కూతుళ్లు సమాన వారసులు, చనిపోయినాయన తల్లి బతికి ఉంటే ఆవిడ కూడా. ఈ నానమ్మ వాటాని లాయర్లు కూడా ఒక్కోసారి మర్చిపోతారు. పిత్రార్జితం సంగతికొస్తే, కూతుళ్లకి పుట్టుకతో హక్కు ఇవ్వడంలో దేశానికే దారి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, అయితే అప్పటికే పెళ్లయినవాళ్లకి అది వర్తించలేదు. 2005లో కేంద్రం తెచ్చిన సవరణతో ఆ తేడా పోయింది, ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.

అక్కచెల్లెళ్లు సంతకం పెట్టకుండా ఇల్లు కొంటే పదేళ్ల తర్వాత పార్టిషన్ దావా రావచ్చు, అది వేసేవాళ్లది అన్యాయం అనడానికి కూడా లేదు, వాళ్ల వాటా వాళ్లడుగుతున్నారు. అందుకే వారసత్వంగా వచ్చిన ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేముందు అందర్నీ ఒకసారి ముఖాముఖి చూడటం, అగ్రిమెంట్‌లోనే అందరి సంతకాలు తీసుకోవడం తప్పనిసరి. రిజిస్ట్రేషన్ రోజు వస్తారులే అనుకుంటే, ఆ రోజు వాళ్లు రాకపోతే కొనేవాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు.

అమ్మేవాళ్లు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే జీపీఏ వ్యవహారం. ఇది నిజంగానే టైం తీసుకునే పని: అక్కడి భారత కాన్సులేట్‌లోనో నోటరీ ముందో సంతకం చేయాలి, అది ఇక్కడికి కొరియర్‌లో రావాలి, ఇండియాకి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర అడ్జుడికేషన్ (ఎంత స్టాంపు డ్యూటీ పడుతుందో తేల్చడం) అవ్వాలి, ఆ తర్వాతే ఇక్కడి తమ్ముడో బావగారో రిజిస్ట్రేషన్ చేయగలరు. పేరులో ఒక్క అక్షరం పాస్‌పోర్టుకీ పాత దస్తావేజుకీ తేడా ఉంటే మళ్లీ మొదటి నుంచి. దీనికి తోడు ఎన్ఆర్ఐ దగ్గర కొంటే కొనేవాళ్లు మినహాయించాల్సిన టీడీఎస్ (ధరలోంచి కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) మామూలు 1 శాతం కాదు, చాలా ఎక్కువ; తక్కువ మినహాయించడానికి అమ్మేవాళ్లు ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, దానికీ వారాలు పడుతుంది. అమ్మేది ఎన్ఆర్ఐ అని తెలిసిన రోజే ఈ రెండు పనులూ మొదలుపెట్టించాలి, ఒకటయ్యాక ఒకటంటే ఏడాది గడిచిపోతుంది.

ప్రభుత్వం వైపు నుంచి వచ్చే ఆలస్యాలు ఎవరి చేతుల్లోనూ ఉండవు. 2020లో ధరణి తెచ్చే క్రమంలో తెలంగాణలో సెప్టెంబరు 8 నుంచి రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి, ఇళ్లు ప్లాట్ల రిజిస్ట్రేషన్లు మళ్లీ మొదలయ్యేసరికి డిసెంబరు సగమైంది. అప్పటికి అగ్రిమెంట్లు చేసుకుని ఉన్నవాళ్లు గడువు దాటిపోతుంటే దిక్కుతోచక కూర్చున్నారు, కొందరు అమ్మేవాళ్లు ధర పెంచమన్నారు, కొందరు కొనేవాళ్ల లోన్ శాంక్షన్ గడువు తీరిపోయింది. ప్రభుత్వం రిజిస్ట్రేషన్ ఆపితే ఆ రోజులు గడువులోంచి తీసేస్తామన్న ఒక్క వాక్యం అగ్రిమెంట్‌లో ఉన్నవాళ్లు మాత్రం నిశ్చింతగా ఉండగలిగారు. మార్కెట్ విలువలు పెరిగే ముందు కూడా ఇలాగే ఉంటుంది. తెలంగాణలో 2021 జులై 22న, 2022 ఫిబ్రవరి 1న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1న విలువలు పెంచారు, అలాంటి తేదీ దగ్గరపడితే ఆఫీసుల్లో జనం కిటకిటలాడతారు, సర్వర్ మొరాయిస్తుంది.

నిషేధిత జాబితా సంగతి మాత్రం వేరు. రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఏ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ భూముల జాబితా ఉంటుంది, సర్వే నంబరు అందులో ఉంటే సబ్ రిజిస్ట్రార్ దస్తావేజు తీసుకోరు. ఒక సర్వే నంబరులో కొంత భాగమే ప్రభుత్వానిదైనా మొత్తం నంబరు జాబితాకి ఎక్కేసి, పక్కా పట్టా ఉన్నవాళ్లు కూడా కలెక్టరేట్ చుట్టూ, హైకోర్టు చుట్టూ తిరిగిన కేసులు బోలెడు. అక్కడి నుంచి నంబరు తీయించడం ఎప్పటికవుతుందో ఎవరూ చెప్పలేరు, అమ్మేవాళ్లు ఎంత మంచివాళ్లైనా సరే. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈ జాబితా చూసుకోవడానికి నిమిషాలు చాలు, అది అడ్వాన్స్‌కి ముందు చేయాల్సిన పని.

కొనేవాళ్ల వైపు ఆలస్యం కూడా తక్కువేం కాదు. బ్యాంకు ప్యానెల్ లాయర్ మామూలుగా 30 ఏళ్ల లింకు అడుగుతారు, వాల్యుయేషన్‌కి ఇంజినీర్ వస్తాడు, ప్లాన్‌లో లేని పై అంతస్తు కనిపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోడు. 80 లక్షల ఫ్లాట్ అనుకుందాం. 75 లక్షలు దాటిన లోన్‌కైతే విలువలో 75 శాతం, 30 నుంచి 75 లక్షల లోపు లోన్‌కి 80 శాతం వరకే ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు పరిమితి, అంటే ఎంత బాగున్నా 64 లక్షలు. మిగతా 16 లక్షలు సొంతం. దాని మీద స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో 7.5 శాతం చొప్పున 6 లక్షలు, ఇది లోన్‌లో కలవదు. 50 లక్షలు, ఆపైన ఉన్న ఆస్తికి 1 శాతం టీడీఎస్ మినహాయించాలి కాబట్టి 80 వేలు అమ్మేవాళ్లకి ఇచ్చేదాంట్లో కోసి ప్రభుత్వానికి కట్టాలి, మినహాయించిన నెల ముగిశాక 30 రోజుల్లోపు. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు కూడా ఆ ముక్కకి టీడీఎస్ కోయాలన్నది చాలామందికి చివర్లో తెలుస్తుంది. ఈ లెక్క ముందే వేసుకోనివాళ్లు అన్ని కాగితాలూ వచ్చాక డబ్బు కోసం గడువు అడుగుతారు, అప్పుడు అమ్మేవాళ్ల చేతికి సాకు దొరుకుతుంది.

ఆ సాకు కోర్టులో చాలా బరువైనది. అమ్మేవాళ్లు రిజిస్టర్ చేయకపోతే స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావా (ఒప్పందం ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించమని కోరే దావా) వేయొచ్చు, 2018 సవరణ తర్వాత ఈ ఉపశమనం మునుపటి కంటే గట్టిపడింది కూడా. కానీ కొనేవాళ్లు మొదటి నుంచీ డబ్బుతో సిద్ధంగా ఉన్నామని నిరూపించుకోవాలి, ఉన్నామని రాస్తే చాలదు, బ్యాంకు స్టేట్‌మెంట్, లోన్ శాంక్షన్ లెటర్, అమ్మేవాళ్లకి పంపిన మెయిళ్లు, వాట్సాప్ మెసేజీలు చూపించాలి. ఫోన్లో ఎంత బతిమాలినా రికార్డులో ఉండదు. కాబట్టి ఎదురుచూసే రోజుల్లో 'కాగితాలు ఎప్పుడిస్తారు, మా డబ్బు రెడీగా ఉంది' అన్న ముక్క అప్పుడప్పుడు రాతపూర్వకంగా పంపడం మంచిది, సంబంధాలు చెడకుండా మర్యాదగా రాయొచ్చు.

గడువు గురించి కూడా ఒక అపోహ ఉంది. స్థిరాస్తి ఒప్పందాల్లో తేదీ దాటగానే అంతా రద్దయిపోయినట్టు కాదని 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. దాన్ని పట్టుకుని ఎన్నేళ్లైనా ఆగొచ్చనుకుంటే పొరపాటు, నగరాల్లో ధరలు పరిగెడుతున్నప్పుడు కాలానికి విలువ లేదనలేమని 1997లో అదే కోర్టు ఇంకో కేసులో అంది. అగ్రిమెంట్‌లో తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి, ఇది లిమిటేషన్ చట్టం పెట్టిన హద్దు. తేదీ లేకపోతే అమ్మేవాళ్లు కుదరదన్నారని తెలిసినప్పటి నుంచి మూడేళ్లు.

మామూలుగా అగ్రిమెంట్లలో '90 రోజుల్లో మిగతా డబ్బు చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, లేకపోతే అడ్వాన్స్ పోతుంది' అని రాస్తారు. డాక్యుమెంట్ రైటర్ దగ్గర ఉన్న పాత నమూనా అది, అమ్మేవాళ్ల పక్షాన ఉంటుంది. ఈ వాక్యాన్ని మార్పించుకోవడమే కొనేవాళ్లు చేయగల అతి పెద్ద పని. 90 రోజులు అగ్రిమెంట్ తేదీ నుంచి లెక్కపెట్టకుండా, ఫలానా ఫలానా కాగితాలు కొనేవాళ్ల చేతికి అందిన రోజు నుంచి లెక్కపెట్టాలి, ఆ కాగితాల జాబితా డాక్యుమెంట్ నంబర్లతో సహా అగ్రిమెంట్‌లోనే ఉండాలి, ఇన్ని రోజుల్లో అవి ఇవ్వలేకపోతే అడ్వాన్స్ వడ్డీతో తిరిగివ్వాలి. బ్యాంకు లీగల్‌లో టైటిల్ తేడా వచ్చి లోన్ రాకపోతే అడ్వాన్స్ మొత్తం వాపసు అని కూడా ఉండాలి. అడ్వాన్స్ అని రాసిన ప్రతి రూపాయినీ అమ్మేవాళ్లు జప్తు చేసుకోలేరు, ఒప్పందానికి హామీగా ఇచ్చిన బయానాకే ఆ నియమం వర్తిస్తుంది గానీ ధరలో భాగంగా ముందే చెల్లించిన దానికి కాదని 2012లో సుప్రీంకోర్టు వివరించింది. కానీ ఆ వాదన గెలవడానికి కోర్టు మెట్లెక్కాలి, ఒక్క వాక్యం రాయించుకుంటే ఆ పని తప్పుతుంది.

అగ్రిమెంట్‌ని రిజిస్టర్ చేయిస్తే ఖర్చవుతుందని నోటరీతో సరిపెట్టుకుంటారు చాలామంది. నోటరీ అంటే సంతకం వీళ్లదే అని చెప్పడం మాత్రమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో చేసిన సవరణ ప్రకారం అమ్మకపు అగ్రిమెంట్లు కూడా రిజిస్టర్ చేయాల్సినవే, చేయకపోయినా స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావాలో సాక్ష్యంగా చూపించుకోవచ్చన్న వెసులుబాటు ఉంది కాబట్టి జనం పట్టించుకోరు. అసలు లాభం వేరే చోట ఉంది. రిజిస్టర్ అయిన అగ్రిమెంట్ ఈసీలోకి ఎక్కుతుంది, ఆ మర్నాడు అదే ఇంటిని ఎక్కువ ధరకి ఇంకొకరు కొన్నా నాకు ముందు ఒప్పందం సంగతి తెలియదని చెప్పలేరు. నోటరీ అగ్రిమెంటైతే చెప్పగలరు, తెలియకుండా డబ్బిచ్చి కొన్నవాళ్లని చట్టం కాపాడుతుంది, మొదట అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకి డబ్బు కోసం వెంటపడటమే మిగులుతుంది. ధరలు వేగంగా పెరిగే ప్రాంతాల్లో మూడు నాలుగు నెలలు ఆగాల్సి వస్తుందని ముందే తెలిస్తే ఈ ఖర్చు పెట్టడం నయం. బిల్డర్ దగ్గర కొంటుంటే ఇది ఎలాగూ తప్పదు, రెరా చట్టం ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు.

నగదు గురించి కూడా చెప్పాలి. అడ్వాన్స్‌లో సగం చెక్కు, సగం క్యాష్ అన్న అలవాటు ఎదురుచూపులో కొనేవాళ్లని పూర్తిగా నిస్సహాయుల్ని చేస్తుంది, ఎందుకంటే వ్యవహారం చెడితే అగ్రిమెంట్‌లో లేని క్యాష్‌ని అడిగే దారి లేదు. స్థిరాస్తి అమ్మకానికి 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని 2015 జూన్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది, అమ్మకం చివరికి జరిగినా జరగకపోయినా తీసుకున్నవాళ్లకి అంత మొత్తం జరిమానా పడుతుంది. అమ్మేవాళ్లకి ఈ మాట చెబితే కొందరైనా చెక్కుకి ఒప్పుకుంటారు.

పత్రికా ప్రకటన చాలామంది చేయించరు, నలుగురికీ తెలుస్తుందని మొహమాటం. నలుగురికీ తెలియడమే దాని ఉద్దేశం. లాయర్ పేరుతో, సర్వే నంబరు హద్దులతో, ఏడు లేదా పదిహేను రోజుల్లో అభ్యంతరాలు చెప్పమని ఆ జిల్లాలో జనం చదివే తెలుగు దినపత్రికలో వేయిస్తే, ఇంట్లో ఎవరూ అడగని అక్కచెల్లెళ్లు, పాత అగ్రిమెంట్ పట్టుకున్నవాళ్లు, అప్పిచ్చినవాళ్లు బయటికొస్తారు. ఎలాగూ కాగితాల కోసం ఆగుతున్న రోజులే కాబట్టి దీనికి అదనంగా టైం పోయేదేం లేదు.

అమ్మేవాళ్లు ప్రకటనకి ఒప్పుకోకపోయినా, ఫలానా కాగితం ఏ ఆఫీసులో, ఏ అప్లికేషన్ నంబరు కింద ఉందో చెప్పలేకపోయినా, ఒరిజినల్స్ ఎక్కడున్నాయో రాసివ్వకపోయినా అది ఆలస్యం కాదు, ఆ కాగితం లేదు. అలాంటప్పుడు ఇంకో పండగ దాకా చూద్దాం అనుకోకుండా లాయర్ నోటీసు పంపాలి, అందులో కాగితాల జాబితా, గడువు, మన డబ్బు సిద్ధంగా ఉందన్న మాట ఉండాలి. దానికీ చలనం లేక దావా దాకా వెళ్తే రిజిస్ట్రేషన్ చేయించమని అడగడంతో పాటు, అది కుదరకపోతే అడ్వాన్స్ వడ్డీతో ఇప్పించమని కూడా ఆ పిటిషన్‌లోనే విడిగా అడగాలి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో 22వ సెక్షన్ ప్రకారం అడగని వాపసుని కోర్టు ఇవ్వదు, అడగడం మర్చిపోతే పిటిషన్ సవరించుకోవడానికి మాత్రం అవకాశం ఉంది.